జెప్పెసన్ ఫ్లైట్‌డెక్ ప్రో సమీక్ష: 28 రోజులకోసారి వచ్చే పరీక్ష

పైలట్లు వాడే చార్టుల (విమాన మార్గాల, విమానాశ్రయాల పటాల) యాప్ గురించి ఎక్కడ చదివినా మొదట మ్యాపు గురించే ఉంటుంది. వేలితో లాగితే ఎంత నున్నగా కదులుతుంది, రాత్రి రంగులు కళ్లకు హాయిగా ఉన్నాయా, విమానం బొమ్మ ట్యాక్సీవే (రన్‌వేకు వెళ్లే దారి) మీద సరిగ్గా కనిపిస్తుందా అని రాస్తారు. అవీ కావాలి. కానీ ఈ యాప్‌ను నమ్మవచ్చా లేదా అన్నది తేలేది ఇంకో చోట. 28 రోజులకోసారి లోపలున్న సమాచారం మారుతుంది. ఆ మార్పు పూర్తిగా దిగిందా, సగంలో ఆగిందా, ఆగితే ఆ సంగతి ఇంట్లో ఉండగానే తెలుస్తుందా, విమానం ఎక్కాక తెలుస్తుందా? జెప్పెసన్ అనే చార్టుల కంపెనీ తెచ్చిన ఫ్లైట్‌డెక్ ప్రో యాప్‌ను ఇక్కడ ఆ కోణంలోనే చూస్తున్నాం. ఐప్యాడ్ మీద దీన్ని రోజూ వాడే ఎయిర్‌లైన్ పైలట్లకు, ఈఎఫ్‌బీ (కాక్‌పిట్‌లో కాగితాల బదులు వాడే ఐప్యాడ్, అందులోని యాప్‌లు) చూసుకునే ఆఫీసు సిబ్బందికి, ఆ ఉద్యోగాల వైపు అడుగులు వేస్తున్న మన కుర్రకారుకు ఇది.

ముందే ఒక మాట. ఇది కొనుక్కునే యాప్ కాదు. యాప్ స్టోర్ నుంచి ఎవరైనా దింపుకోవచ్చు గానీ ఎయిర్‌లైన్ ఒప్పందం మీద వచ్చే యాక్టివేషన్ లేకపోతే లోపల ఒక్క చార్టూ కనబడదు. ఏ ప్రాంతాల చార్టులు వస్తాయి, కంపెనీ సొంత పేజీలు ఏమేం ఉంటాయి అన్నవి కూడా ఆ ఒప్పందాన్నిబట్టే. అందుకే రెండు ఎయిర్‌లైన్లలో ఇదే యాప్ రెండు రకాలుగా కనిపించవచ్చు.

కాగితాల కాలంలో అప్‌డేట్ అంటే ఏమిటో తెలిస్తే ఈ యాప్ విలువ అర్థమవుతుంది. కవర్లో సన్నటి కాగితాల కట్ట వచ్చేది. ఏ పేజీ తీసేయాలి, ఏ పేజీ పెట్టాలి అని చెప్పే జాబితా పక్కన పెట్టుకుని, రింగు బైండరు విప్పి ఒక్కొక్కటే మార్చేవారు. గంటలు పట్టే పని. ఒక్క పేజీ తప్పు చోట పడితే, అది కావలసిన రాత్రి దాకా ఎవరికీ తెలిసేది కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2013లో కాగితం సంచులను పూర్తిగా తీసేసినప్పుడు ఒక్కో సంచి బరువు దాదాపు 16 కిలోలని లెక్క చెప్పింది. ఇప్పుడు ఆ బరువంతా ఐప్యాడ్‌లో ఉంది. అయితే కాగితం పాతబడితే కనీసం చేతిలో మిగిలి ఉండేది. యాప్ డేటా చెడితే తెర ఖాళీ అవుతుంది. అప్‌డేట్‌ను ఇంత పట్టింపుగా చూడాల్సింది అందుకే.

గురువారం, 05:30

ప్రపంచమంతా విమానయాన సమాచారం మారే తేదీలు ముందే ఖరారై ఉంటాయి. వాటి వరుసనే ఎయిరాక్ అంటారు. 28 రోజులకోసారి, ఎప్పుడూ గురువారమే. ఏడాదికి 13 సైకిళ్లు. 2020లో మాత్రం 14 పడ్డాయి. సైకిల్ సంఖ్యలో మొదటి రెండంకెలు సంవత్సరం, తరువాతి రెండు వరుస. 2601 అంటే 2026 జనవరి 22న అమల్లోకి వచ్చేది, 2604 అంటే ఏప్రిల్ 16, 2613 అంటే డిసెంబరు 24. దాదాపు అన్ని దేశాల్లోనూ మార్పు యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక సమయం) అర్ధరాత్రికి, అంటే మన ఉదయం 05:30కి. అమెరికాలో మాత్రం యూటీసీ 09:01కి, అంటే మనకు మధ్యాహ్నం 14:31కి. హైదరాబాద్ నుంచి అమెరికా దాకా సాగే ప్రయాణంలో ఆ గురువారం ఈ రెండు గడియారాలూ గుర్తుండాలి.

మార్పు పుట్టేది జెప్పెసన్ దగ్గర కాదు. మన దేశంలో అయితే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ తన ఏఐపీలో (దేశం ప్రచురించే అధికారిక విమానయాన సమాచార సంపుటిలో) సవరణ ప్రకటిస్తుంది. అమలు తేదీకి 42 రోజుల ముందు పంపాలి, 28 రోజుల ముందు వాడేవారి చేతికి అందాలి, పెద్ద మార్పులైతే 56 రోజుల ముందే అన్నది అంతర్జాతీయ నియమం. ఆ సవరణను జెప్పెసన్, లుఫ్తాన్సా సిస్టమ్స్, నావ్‌బ్లూ లాంటి సంస్థలు తీసుకుని తమ పద్ధతిలో చార్టులు గీస్తాయి, విమానంలోని ఎఫ్ఎంఎస్ (దారి చూపే కంప్యూటర్) కోసం ఏరింక్ 424 అనే ప్రామాణిక రూపంలో డేటా తయారుచేస్తాయి. కొత్త రన్‌వే తెరుచుకున్నా, శంషాబాద్‌లో ఒక ట్యాక్సీవే పేరు మారినా, భోగాపురం లాంటి కొత్త విమానాశ్రయం పుట్టినా పైలట్ చేతికి వచ్చే దారి ఇదే.

ఫ్లైట్‌డెక్ ప్రో ఈ గొలుసులో తన వంతు బాగానే చేస్తుంది. కొత్త సైకిల్ డేటా ఆ గురువారానికి కొన్ని రోజుల ముందే దింపుకోవచ్చు. దిగాక పాతదాని పక్కనే ఉండి, తేదీ రాగానే అదే అమల్లోకి వస్తుంది. బుధవారం రాత్రి లేఓవర్‌లో (ట్రిప్ మధ్య బయటి ఊళ్లో బసలో) ఉన్నవారికి ఇంతకన్నా కావలసింది లేదు. ఒకసారి దిగాక నెట్ లేకపోయినా చార్టులన్నీ పనిచేస్తాయి. మొదటిసారి వేసుకున్నప్పుడు మాత్రం మొత్తం డేటా రావాలి, అది గిగాబైట్లలో ఉంటుంది. ఆ పని ఎయిర్‌పోర్టు వైఫై మీద మొదలుపెట్టకూడదు.

చార్టును చదివే తీరు

యాప్‌లో మనకు బాగా నచ్చేది కొత్త హంగు కాదు, కాగితం కాలం నుంచీ వస్తున్న అలవాటు. ప్రతి జెప్పెసన్ చార్టు మీదా మూడు చిన్న సంగతులు ఉంటాయి. మొదటిది పైన అండాకారంలో ఉండే సూచిక సంఖ్య: 10-2 వరుస స్టార్‌లు (దిగబోయే ముందు వచ్చే నిర్ణీత దారులు), 10-3 వరుస సిడ్‌లు (బయల్దేరే నిర్ణీత దారులు), 10-9 విమానాశ్రయం పటం, 11 వరుస ఐఎల్ఎస్ (రేడియో కిరణాల సాయం) అప్రోచ్‌లు అంటే రన్‌వేకు దిగే పద్ధతులు, 12 ఆర్‌నావ్ (ఉపగ్రహ సాయం) అప్రోచ్‌లు, 13 వీఓఆర్ (నేల మీది రేడియో కేంద్రం సాయం) అప్రోచ్‌లు. రెండోది ముద్ర తేదీ. అది శుక్రవారం పడుతుంది. అమలు తేదీ వేరైతే పక్కనే మరో తేదీ వేస్తారు. చాలామంది పొరపడేది ఇక్కడే: ముద్ర తేదీ చూసి చార్టు అమల్లో ఉందనుకుంటారు, అమలు తేదీ వచ్చే గురువారం అయి ఉంటుంది. మూడోది పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఉండే మార్పుల వరుస. ఈసారి ఏం మారిందో ఒక్క వాక్యంలో చెబుతుంది: ఫలానా ఫ్రీక్వెన్సీ, ఫలానా మినిమా (దిగడానికి కావలసిన కనీస ఎత్తు, దృశ్యత), ఫలానా ట్యాక్సీవే అని. రోజూ వెళ్లే ఊరి చార్టును కంఠతా వచ్చినట్టు చదివేవారికి ఈ వరుస ప్రాణం. అలవాటైన కళ్లు మారిన అంకెను పట్టుకోలేవు. సైకిల్ మారిన తరువాత వెళ్లే మొదటి ట్రిప్‌కు, దిగబోయే విమానాశ్రయం, ఆల్టర్నేట్ (అక్కడ దిగలేకపోతే వెళ్లే విమానాశ్రయం) రెండింటి అప్రోచ్ చార్టుల్లో ఈ వరుస చదవడానికి రెండు నిమిషాలు చాలు.

ముందురోజు క్లిప్ చేసి పెట్టుకున్న చార్టులను సైకిల్ మారాక తేదీ చూసి మళ్లీ పెట్టుకోవడం మంచిది. పాత పంచాంగంలో ముహూర్తం చూసినట్టు కాకూడదు.

అప్‌డేట్ చేసే వరుస

చెడేది ఎక్కువగా వరుస తప్పడం వల్లే. సోమవారమో మంగళవారమో కూర్చోవాలి, బుధవారం రాత్రికి వాయిదా వేయకూడదు. ఐప్యాడ్‌ను చార్జర్‌కు తగిలించండి. సెట్టింగ్స్‌లో ఖాళీ స్థలం చూడండి. అప్‌డేట్ సమయంలో పాత డేటా, కొత్త డేటా రెండూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి కొత్తదాని పరిమాణం ఒక్కటే లెక్కేస్తే చాలదు. 10 గిగాబైట్లకు తక్కువ ఉంటే ముందు సినిమాలు, ఫొటోలు తీసేయండి. కంపెనీ ఐప్యాడ్‌లో సినిమాలు లేకపోవడమే మేలు.

తరువాత ఐప్యాడ్ గడియారం. తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉండాలి. డేటా పాతదా కొత్తదా అన్నది తేదీని బట్టే తేలుతుంది కాబట్టి, ఎప్పుడో చేత్తో మార్చిన గడియారం సరైన డేటాను కూడా గడువు తీరినట్టు చూపించగలదు. లో పవర్ మోడ్, వైఫైకి లో డేటా మోడ్ ఆన్‌లో ఉంటే తీసేయండి. ఆటో లాక్‌ను కాసేపు 'నెవర్'కు మార్చండి. మళ్లీ పాత చోటికి తేవడం మరవొద్దు.

ఇప్పుడు ఫ్లైట్‌డెక్ ప్రో తెరిచి, అప్‌డేట్ మొదలుపెట్టి, పూర్తయ్యేదాకా అదే యాప్‌ను తెర మీద ఉంచండి. ఐప్యాడ్ వెనక్కి వెళ్లిన యాప్‌ను ఎక్కువసేపు పనిచేయనివ్వదు. పెద్ద ఫైలు దిగడం ఒక ఎత్తు, దిగినదాన్ని విప్పి సర్దుకోవడం మరో ఎత్తు. మెసేజ్ చూడ్డానికి పక్కకు వెళ్లినా, తెర లాక్ అయినా ఆ రెండో పని ఆగుతుంది. 'నిన్న డౌన్‌లోడ్ పెట్టి పడుకున్నాను, పొద్దున చూస్తే కాలేదు' అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

పూర్తయ్యాక అప్‌డేట్ పేజీలో వరుసగా చూడాలి: టెర్మినల్ (విమానాశ్రయాల) చార్టులు, ఎన్‌రూట్ (మధ్య దారి) డేటా, టెక్స్ట్ పేజీలు విడివిడిగా దిగుతాయి. ఒకటి పూర్తయిందని మిగతావీ అయినట్టు కాదు. తరువాత విమానం మోడ్ ఆన్ చేసి, వైఫై కూడా ఆపేసి, యాప్‌ను మూసి మళ్లీ తెరవండి. రేపటి ట్రిప్‌లో వెళ్లే విమానాశ్రయం ఒకటి, ఆల్టర్నేట్ ఒకటి, ఇంకా ఎప్పుడూ వెళ్లని దూరపు విమానాశ్రయం ఒకటి తెరిచి చూడండి. మూడూ తెరుచుకుంటేనే పని అయినట్టు. మొత్తం వరుసలో అన్నిటికన్నా విలువైన మెట్టు ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. నెట్ ఉండగా సరిగ్గా కనిపించిన పేజీ నెట్ లేనప్పుడు రాదని తెలుసుకోవడానికి ఇల్లే సరైన చోటు.

హోటల్ వైఫై గురించి వేరేగా చెప్పాలి. బ్రౌజర్‌లో గది నంబరు అడిగే నెట్‌వర్కుల్లో కొన్ని గంటలకోసారి మళ్లీ లాగిన్ కావాల్సి వస్తుంది. ఈలోపు వైఫై గుర్తు నిండుగానే కనిపిస్తుంది, డౌన్‌లోడ్ మాత్రం ముందుకు కదలదు. యాప్‌ను తప్పుబట్టే ముందు బ్రౌజర్‌లో ఏదైనా కొత్త పేజీ తెరిచి చూడండి. అక్కడా రాకపోతే ఫోన్ హాట్‌స్పాట్ మీద చేయడమే మంచిది, భద్రత దృష్ట్యా కూడా.

ఆ భద్రత మాట ఊరికే అన్నది కాదు. ఎయిర్‌బస్ వాడేవారి టేకాఫ్, ల్యాండింగ్ లెక్కల కోసం ఫ్లైస్మార్ట్ ప్లస్ అనే యాప్‌ల కుటుంబం ఉంది. వాటికి డేటా తెచ్చిపెట్టే మేనేజర్ యాప్‌లో, ఐప్యాడ్ స్వతహాగా పెట్టే సురక్షిత కనెక్షన్ నిబంధన ఆపేసి ఉందని పెన్ టెస్ట్ పార్ట్‌నర్స్ అనే బ్రిటిష్ భద్రతా సంస్థ గుర్తించింది. అంటే పైలట్ హోటల్లో సైకిల్ అప్‌డేట్ చేస్తున్న సమయంలో అదే వైఫై మీద ఉన్నవారు డేటాలో వేలు పెట్టగల అవకాశం ఉండేది. 2022లో చెప్పగా ఎయిర్‌బస్ తరువాతి వెర్షన్‌లో సరిదిద్దింది, వివరాలు 2024లో బయటికొచ్చాయి. తప్పు దిద్దుకున్నారు, సంతోషం. కానీ ఆ సంఘటన నేర్పిన పద్ధతి ఎప్పటికీ పనికొస్తుంది: యాప్‌ల వెర్షన్లను వెనకబడనివ్వకూడదు, డేటా అప్‌డేట్ ఇంటి నెట్ మీదో కంపెనీ నెట్ మీదో చేయాలి.

2015 ఏప్రిల్ 28

ఫ్లైట్‌డెక్ చరిత్రలో ఈ తేదీని దాటవేసి సమీక్ష రాయలేం. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల ఐప్యాడ్‌లలో చార్టుల యాప్ ఉన్నట్టుండి మూతపడింది. కారణం వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయం చార్టు ఒకటి డేటాబేసులో రెండుసార్లు ఉండటం. యాప్‌కు ఆ రెండింటిలో ఏది తీసుకోవాలో తెలియలేదు, ఆగిపోయింది. పదుల సంఖ్యలో విమానాలు ఆలస్యమయ్యాయి. కొన్ని ట్యాక్సీవే నుంచి గేటుకు తిరిగొచ్చాయి, ఎందుకంటే యాప్ తీసేసి మళ్లీ వేసుకోవడానికి వైఫై కావాలి, అది గేటు దగ్గరే ఉంది.

ఇందులో ఐప్యాడ్ తప్పు లేదు, యాప్ వెర్షన్ తప్పు అనీ పూర్తిగా అనలేం. డేటాలో ఒక్క నకలు వరుస. కెప్టెన్ ఐప్యాడ్, ఫస్ట్ ఆఫీసర్ ఐప్యాడ్ రెండూ ఒకేలా ఆగిపోయాయి, రెండింట్లోనూ అదే డేటా ఉంది కాబట్టి. రెండు పరికరాలు ఉన్నాయి, ఒకటి పోయినా మరొకటి ఉంటుంది అనే లెక్క బ్యాటరీ పోయినప్పుడు, తెర పగిలినప్పుడు సరిపోతుంది. ఒకే డేటా రెండింటినీ ఒకేసారి పడగొట్టినప్పుడు సరిపోదు.

దీనికి విరుగుడు పైలట్ చేతిలో కన్నా ఈఎఫ్‌బీ అడ్మినిస్ట్రేటర్ చేతిలో ఎక్కువ ఉంది. కొత్త యాప్ వెర్షన్ గానీ కొత్త ఐప్యాడ్ సిస్టమ్ గానీ అందరికీ ఒకేరోజు వదలకూడదు. ముందు ఆఫీసులోని పరీక్ష ఐప్యాడ్‌లు, తరువాత ఒక బేస్‌లో కొద్దిమంది, వారం గడిచాక మిగతావారు. ఎండీఎం (కంపెనీ ఐప్యాడ్‌లను దూరం నుంచి అదుపు చేసే వ్యవస్థ) కింద ఉన్న ఐప్యాడ్‌లలో సిస్టమ్ అప్‌డేట్‌ను 90 రోజుల వరకు ఆపి ఉంచవచ్చు. ఆ సౌకర్యాన్ని తప్పక వాడాలి. డేటా సైకిల్‌కు అంత గడువు దొరకదు, తేదీ ఆగదు. కాబట్టి పరీక్ష ఐప్యాడ్‌లలో గడియారాన్ని ముందుకు జరిపి కొత్త సైకిల్‌ను అమల్లోకి తెచ్చి, కంపెనీ వెళ్లే విమానాశ్రయాలన్నిటి చార్టులు తెరిచి చూడాలి. విసుగు పుట్టించే పని. అయినా రెండు గంటల పని. గురువారం పొద్దున ఫ్లీట్ మొత్తం నేల మీద ఉండిపోవడంతో పోలిస్తే ఎంత?

ఎండీఎం గురించి మరో రెండు మాటలు. వాడని యాప్‌లను తొలగించే ఐప్యాడ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, సెలవు నుంచి వచ్చిన పైలట్‌కు పర్ఫార్మెన్స్ (టేకాఫ్, ల్యాండింగ్ లెక్కల) యాప్ బొమ్మ మాత్రమే మిగిలి ఉంటుంది, నొక్కితే డౌన్‌లోడ్ మొదలవుతుంది. దాన్ని ఆఫ్ చేసి ఉంచాలి. ఇక నెల రోజులు సెలవులో ఉన్నవారి ఐప్యాడ్‌లో కంపెనీ లాగిన్ గడువు కూడా తీరి ఉంటుంది. వారు డ్యూటీకి రెండు రోజుల ముందు ఐప్యాడ్ తెరవాలని రోస్టర్ నోటులోనే రాయడం మేలు.

మూడు తేదీలు, మూడు చోట్లు

ఇక్కడి నుంచి చెప్పేది ఫ్లైట్‌డెక్ ప్రో ఒక్కటీ పరిష్కరించగలిగినది కాదు, కానీ దాన్ని వాడే ప్రతివారూ ఎదుర్కొనేది. ఒక విమానం బయల్దేరాలంటే కనీసం మూడు డేటాలు ఒకే సైకిల్‌లో ఉండాలి. ఒకటి ఐప్యాడ్‌లోని చార్టులు. రెండోది పర్ఫార్మెన్స్ యాప్: బోయింగ్ విమానాలకు ఓపీటీ, ఎయిర్‌బస్‌కు ఫ్లైస్మార్ట్. వాటిలోని రన్‌వే డేటా ఎయిర్‌లైన్ పర్ఫార్మెన్స్ ఇంజినీర్లు తయారుచేసి పంపేది. మూడోది విమానంలోని ఎఫ్ఎంఎస్ డేటాబేసు, దాన్ని మెయింటెనెన్స్ ఇంజినీర్లు డేటా లోడరుతో ఎక్కిస్తారు. మూడింటికీ మూడు దారులు, ముగ్గురు మనుషులు. మూడూ ఒక చోట కలిపి చూపించే తెర లేదు. కలిపేది పైలట్ కళ్లే.

ఎఫ్ఎంఎస్‌లో రెండు సైకిళ్లు ఉంటాయి, అమల్లో ఉన్నది, పక్కన ఉన్నది. బోయింగ్‌లో ఐడెంట్ పేజీ, ఎయిర్‌బస్‌లో ఎయిర్‌క్రాఫ్ట్ స్టేటస్ పేజీ తేదీలు చూపిస్తుంది. గురువారం మొదటి ట్రిప్‌లో కొత్తది ఎంచుకోవడం మరిచిపోతే పాత సైకిల్‌తోనే రూటు ఎక్కుతుంది. మార్పును నేల మీదే చేసుకోవాలి, గాల్లో చేయకూడదు: సైకిల్ మార్చితే ఎక్కించిన ఫ్లైట్ ప్లాన్ పోతుంది. పాత, కొత్త సైకిళ్లలో ఒక సిడ్ పేరు చివరి అంకె మాత్రమే మారి ఉండవచ్చు. క్లియరెన్స్‌లో (కంట్రోలర్ ఇచ్చే అనుమతిలో) కొత్త పేరు వస్తుంది, ఎఫ్ఎంఎస్‌లో అది దొరకదు. ఆ క్షణంలో దగ్గరగా ఉన్న పేరును ఎంచుకోవాలన్న తొందర పుడుతుంది. అదే ప్రమాదం. చార్టు తీసి, ప్రతి పాయింటూ, ఎత్తూ చదివి పోల్చాలి.

ఎఫ్ఎంఎస్ డేటాబేసు గడువు తీరినా, ప్రస్తుత చార్టులతో పాయింట్లను సరిచూసుకునే షరతు మీద పరిమిత రోజులు బయల్దేరే వెసులుబాటు సాధారణంగా ఎంఈఎల్‌లో (ఏవి పనిచేయకపోయినా బయల్దేరవచ్చో చెప్పే జాబితాలో) ఉంటుంది. ఆ వెసులుబాటు నిలబడేది చార్టులు కొత్తవై ఉన్నప్పుడే. ఐప్యాడ్ కూడా పాతదైతే పోల్చడానికి ఏమీ మిగలదు.

పర్ఫార్మెన్స్ యాప్‌లో తేడా ఇంకా కనిపించకుండా దాక్కుంటుంది. చార్టులో ట్యాక్సీవే పేరు మారింది, పర్ఫార్మెన్స్ డేటాలో పాత పేరే ఉంది అనుకోండి. మధ్య నుంచి టేకాఫ్ చేసేటప్పుడు పేరును బట్టి ఇంటర్‌సెక్షన్ ఎంచుకుంటే, చేతిలో ఉన్న రన్‌వే పొడవు ఒకటి, లెక్కలోకి వెళ్లిన పొడవు ఇంకొకటి అవుతుంది. శంషాబాద్‌లోని 4,260 మీటర్ల రన్‌వే మీద అది తట్టుకోవచ్చు, చిన్న రన్‌వేల మీద తట్టుకోదు. కాబట్టి యాప్ చూపించే, టేకాఫ్‌కు అందుబాటులో ఉన్న దూరాన్ని చార్టులోని అంకెతో ఒక్కసారి పోల్చడం తప్పనిసరి అలవాటుగా ఉండాలి. పేరు కలిసిందని ఆగకూడదు, మీటర్లు కలవాలి.

మధ్యలో అర్ధరాత్రి

బుధవారం రాత్రి ఆలస్యంగా, అంటే మన లెక్కలో గురువారం తెల్లవారుజామున బయల్దేరి, 05:30 దాటాక దిగే విమానానికి రెండు సైకిళ్లూ తగులుతాయి. బయల్దేరేటప్పుడు పాతది అమల్లో ఉంది, దిగేటప్పటికి కొత్తది. ఎఫ్ఎంఎస్‌లో బయల్దేరినప్పటి సైకిల్‌తోనే వెళ్లడం సాధారణ పద్ధతి. కానీ ఐప్యాడ్‌లో చార్టులు దారి మధ్యలో కొత్తవి అవుతాయి. ఈ తేడా అప్రోచ్ బ్రీఫింగ్‌లో బయటపడితే ఆలస్యమైనట్టే. నేల మీద ఉండగానే దిగబోయే చోట ఏం మారుతుందో డిస్పాచ్‌ను (ఎయిర్‌లైన్‌లో ప్రయాణ ప్రణాళిక చూసే విభాగాన్ని) అడగాలి, మార్పుల వరుస చదవాలి. కంపెనీ మాన్యువల్‌లో దీనికి ప్రత్యేకంగా పేరా ఉంటే అదే శాసనం.

నోటమ్ (మార్పులను పైలట్లకు తెలిపే నోటీసు) సంగతి కూడా ఇక్కడే. సైకిల్ మారగానే నోటమ్‌లు పోవు. కొత్త సవరణ వస్తోందని చెప్పే ట్రిగ్గర్ నోటమ్ అమలు తేదీ తరువాత కూడా 14 రోజులు ఉంటుంది. దాన్ని చూసి ఇంకా అమలు కాలేదని అనుకోకూడదు. రెండు సైకిళ్ల మధ్య హఠాత్తుగా వచ్చే మార్పులు, రన్‌వే కొంత భాగం మూసివేత, ఐఎల్ఎస్ పనిచేయకపోవడం, నౌకాదళం చేతిలో ఉన్న విశాఖ ఎయిర్‌ఫీల్డు వేళల్లో తేడా, ఇవేవీ చార్టు మీద కనిపించవు. యాప్ సరికొత్తగా ఉందన్న ధీమాతో నోటమ్ చదవడం తగ్గిస్తే ఆ యాప్ మేలు కన్నా కీడే చేసినట్టు.

పోటీ, పరికరం

లుఫ్తాన్సా సిస్టమ్స్ లిడో ఎంపైలట్, నావ్‌బ్లూ చార్ట్స్ ప్లస్ ఈ రంగంలో మిగతా పెద్ద పేర్లు. లిడో చార్టులు రంగులతో, ఒక స్కేలుకు గీసిన తీరుతో అలవాటైనవారికి చాలా ఇష్టం. జెప్పెసన్ బలం ఆ పాత గుర్తుల భాషను శిక్షణ రోజుల నుంచే ఎక్కువమంది పైలట్లు నేర్చుకుని ఉండటం. అప్‌డేట్ విషయంలో ముగ్గురికీ ఐప్యాడ్ పెట్టే హద్దులే హద్దులు. అందుకే ఎంపిక చేసే ఎయిర్‌లైన్ డెమోలో మ్యాపు చూడటం ఆపి ఈ ప్రశ్నలు అడగాలి: సగం దిగిన డేటాను యాప్ ఎలా చూపిస్తుంది? కొత్తది చెడితే పాతదానికి తిరిగి వెళ్లగలమా? ఎవరి ఐప్యాడ్ వెనకబడిందో ఆఫీసులో కూర్చుని చూడగలమా?

పరికరం గురించి క్లుప్తంగా. సెల్యులర్ ఐప్యాడ్ కొనాలి. వైఫై మాత్రమే ఉన్నదాంట్లో జీపీఎస్ చిప్ ఉండదు, పైగా గేటు దగ్గర ఆఖరి నిమిషంలో ఏదైనా దింపుకోవడానికి సిమ్ ఆదుకుంటుంది. ఐప్యాడ్ వాడకానికి ఆపిల్ చెప్పే గాలి ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో తిరుపతిలోనో ఏసీ లేకుండా నిలబడిన కాక్‌పిట్‌లో అద్దం పక్కన పెట్టిన ఐప్యాడ్ ఆ హద్దును తేలిగ్గా దాటుతుంది. ముందు తెర వెలుగు తగ్గుతుంది, చార్జింగ్ ఆగుతుంది, చివరికి ఉష్ణోగ్రత హెచ్చరిక తప్ప ఏమీ కనిపించదు. అలాంటి వేడిలో అప్‌డేట్ మొదలుపెట్టడం వేడిని ఇంకా పెంచుతుంది. టర్న్‌అరౌండ్‌లో (రెండు ప్రయాణాల మధ్య విరామంలో) దాన్ని మౌంటు నుంచి తీసి నీడలో పెట్టండి. ఫ్రిజ్‌లోనో ఏసీ గాలికి నేరుగానో పెట్టి చల్లార్చకూడదు, లోపల తేమ చేరుతుంది.

చేతులు మారిన కంపెనీ

జెప్పెసన్ 2000 నుంచి బోయింగ్ చేతిలో ఉండేది. 2022 నవంబరులో ఒక సైబర్ దాడి వల్ల జెప్పెసన్ సేవలు కొన్ని రోజులు దెబ్బతిన్నాయి, నోటమ్‌ల ప్రాసెసింగ్, ఫ్లైట్ ప్లానింగ్ మీద ఆ ప్రభావం పడింది. ఐప్యాడ్‌లో ముందే దింపుకున్న చార్టులు ఉన్నవారికి అలాంటి రోజున కనీసం చార్టుల బెంగ ఉండదు. సోమవారమే అప్‌డేట్ చేయమనడానికి ఇది మరో కారణం. 2025 ఏప్రిల్‌లో జెప్పెసన్, ఫోర్‌ఫ్లైట్ (పైలట్ల కోసం మరో యాప్) సహా తన డిజిటల్ వ్యాపారంలో కొంత భాగాన్ని థోమా బ్రావో అనే పెట్టుబడి సంస్థకు 10.55 బిలియన్ డాలర్లకు అమ్ముతున్నట్టు బోయింగ్ ప్రకటించింది.

కొత్త యజమానుల నుంచి ఎయిర్‌లైన్లు అడగాల్సింది కొత్త రంగులూ కొత్త పొరలూ కాదు. యాప్ తెరవగానే ఒకే తెర మీద టెర్మినల్, ఎన్‌రూట్, టెక్స్ట్ మూడింటి సైకిల్ సంఖ్యలు పెద్ద అక్షరాల్లో, గడువు యూటీసీలో, కింద ఎఫ్ఎంఎస్, పర్ఫార్మెన్స్ యాప్‌ల సైకిళ్లు పైలట్ చూసి నింపేందుకు రెండు గళ్లు. అంకెలు కలవకపోతే తెర ఎర్రబడాలి. బ్రీఫింగ్ రూములో కెప్టెన్ గారూ ఫస్ట్ ఆఫీసరూ ఐప్యాడ్‌లు పక్కపక్కన పెట్టి పది సెకన్లలో పోల్చుకునేలా.